దొరల ఎంగిలి పైపులు

నాకు పొగ తాగే అలవాటు లేని రోజుల్లోనే పైపులు కొనే అలవాటు పట్టుకుంది. ఈ మాట చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీండి. అప్పటికి స్వతంత్రం వచ్చి అయిదారేళ్లయింది. ఆంధ్ర రాష్ట్రం వస్తుందా రాదా అని చోడవరం కాఫీ హోటళ్లలో జనం బల్లలు గుద్దుకుంటున్నారు. నేను తాలూకాఫీసులో గుమాస్తాని. మా వంశంలో నాగలి వదిలి కలం పట్టుకున్న మొదటివాణ్ణి కాబట్టి, కలం ఒక్కటే పట్టుకుంటే చాలదనీ, చూసేవాళ్లకి ఇంకా ఏదో కనబడాలనీ నాకు మహా ఆరాటంగా ఉండేది.

ఆఫీసు కాగితాలు పట్టుకుని నెలకోసారి విశాఖపట్నం వెళ్లేవాణ్ణి. పని అయ్యాక బస్సుకి చాలా టైముండేది. ఆ టైములో రేవు వైపు తిరుగుతూంటే ఒక పాతసామాన్ల కొట్టు కనబడింది. కొట్టు సాయిబుగారిది. వాల్తేరులో బంగళాలు ఖాళీ చేసి ఓడెక్కిపోయిన దొరల సామానంతా ఆయన చవగ్గా ఎత్తుకొచ్చేవాడు. కుర్చీలు వకీళ్లు పట్టుకుపోయేవారు, పింగాణీ హోటళ్లవాళ్లు పట్టుకుపోయేవారు. పైపులు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. తలుపు గుబ్బలూ, విరిగిన కళ్లజోళ్లూ ఉన్న గంపలో అవి కూడా పడి ఉండేవి. ఒకటి పావలా, మూడు తీసుకుంటే అర్ధరూపాయి. ఇంత చవగ్గా దొరతనం దొరుకుతుంటే వదులుకోవడానికి నేనేమైనా వెర్రివాణ్ణా?

మొదటిసారి బాగా మెరుస్తున్నది ఏరుకున్నాను. సాయిబుగారు దాన్ని నా చేతిలోంచి తీసేసుకుని, తుప్పుపట్టిన డబ్బాలాంటిది ఇంకోటి చేతిలో పెట్టాడు. టార్చిలైటు తెచ్చి, పైపులో పొగాకు కూరే గిన్నెలోకి వేసి చూడమన్నాడు. "పైన మెరుపు నేనూ తెప్పిస్తాను బాబుగారూ. లోపల గోడ కాలిపోతే మాత్రం ఎవడూ బాగుచెయ్యలేడు. లోపల చూసి కొనండి," అన్నాడు. సరుకు అమ్ముకునేవాడు ఇంత నిజం చెప్పడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. అప్పటినుంచీ పైపు కనబడితే ముందు లోపలికి లైటు వెయ్యడం నాకు అలవాటైపోయింది. సన్నటి బీట ఉన్నా పట్టేసేవాణ్ణి. ఆ విద్యలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని నా నమ్మకం. ఆ విద్యలో రెండోవాడే లేడనే సంగతి నాకు తట్టలేదు.

ఇంటికి తెచ్చి అమ్మకి చూపించాను. నాన్న పోయాక ఇల్లూ పొలమూ రెండూ అమ్మ చేతిమీదే నడిచేవి. నన్ను చదివించింది కూడా ఆవిడే, చెరుకు అమ్మీ, గేదె పాలు అమ్మీ. అదేమిటని అడిగింది. చెప్పాను. చెప్పడం పూర్తికాకుండానే రెండడుగులు వెనక్కి వేసింది.

"సచ్చినోడి ఎంగిలి కొనుక్కొచ్చేవేట్రా?"

దొర చావలేదనీ, సీమకి వెళ్లిపోయాడనీ సర్దిచెప్పబోయాను. అయితే బతికున్నవాడి ఎంగిలన్నమాట, అది ఇంకా మంచిది అంది. మా ఇంట్లో పెదవి తగలకుండా ఎత్తి నీళ్లు తాగాలి. నోట్లో పెట్టిన గరిటె మళ్లీ కూరలో ముంచితే ఆ కూర గేదెకే. అలాంటి ఇంట్లోకి ఒక తెల్లవాడు పదేళ్లు చప్పరించిన గొట్టం తెచ్చి, ముచ్చటగా ఉందా అని అడిగానంటే నా బుద్ధి ఎంత గొప్పదో మీరే ఆలోచించండి. పైపులు గడప దాటకూడదని ఆవిడ శాసనం చేసింది. పశువులశాలలో ఒక పలక మీద పెట్టుకోమంది. నా భార్య అమ్మకి మేనకోడలు. అత్త మాటకి ఎదురు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. పైపులు ముట్టుకున్నరోజు స్నానం చేస్తేగానీ నాకు అన్నం పెట్టేది కాదు.

అలా గేదె పక్కన కూచుని నేను దొరల పైపులు బాగుచేసేవాణ్ణి. గిన్నెలో పెచ్చుకట్టిన మసిని చాకుమొనతో గీకేవాణ్ణి. మొత్తం గీకేస్తే చెక్క కాలిపోతుంది, పల్చటి పొర ఉంచాలి. ఎంత కాలిస్తే ఎంత మసి కడుతుందో గోటితో చెప్పగలిగేవాణ్ణి. గొట్టంలోకి కోడి ఈక దూర్చి, ఆసుపత్రి కాంపౌండరుని బతిమాలి తెచ్చుకున్న స్పిరిటుతో కడిగేవాణ్ణి. నోట్లో పెట్టుకునే కొసకుండే పాలిపోయిన రబ్బరుని మెత్తటి బూడిదతో తోమి, చివరికి తేనెమైనం రాసి గుడ్డతో రుద్దితే గిన్నె మీద చెక్క గీతలు పైకి తేలేవి. ఆ గీతలు తేలే క్షణం నాకు నిజంగా చాలా ఇష్టం. ఆ ఒక్క విషయంలో మాత్రం నా మీద నేను జోకులు వేసుకోను.

అవి మద్యనిషేధం రోజులు. చేతులకి స్పిరిటు వాసనతో ఆఫీసుకి వెళితే హెడ్డుగుమాస్తాగారు నా బల్లచుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి, ఎక్కడ దొరుకుతోందని చెవిలో అడిగారు. పైపులు కడుగుతున్నానని నిజం చెప్పాను. చెప్పడం ఇష్టంలేకపోతే మానెయ్యవచ్చుననీ, ఇలాంటి కథలు అక్కర్లేదనీ అలిగి, నెలరోజులు మాట్లాడలేదు.

బాగుచేసిన పైపు పొగ లాగుతోందో లేదో చూడాలి కదా అని ఒకటి వెలిగించాను. ఆ చూడడం ఏళ్లతరబడి సాగింది. డబ్బాలో వచ్చే సీమ పొగాకు నా జీతానికి అందదు కాబట్టి చుట్టాకు సన్నగా తరిగి, మన బెల్లంనీళ్లు చిలకరించి ఆరబెట్టేవాణ్ణి. వాసన బాగానే ఉండేది. చీమలకీ బాగానే ఉండేది. ఒకసారి తహసీల్దారుగారి ఎదురుగా పైపు దర్జాగా తీస్తే అందులోంచి చీమల బారు ఒకటి నా పెదవి మీదకి దిగింది.

ఇక అమ్మ సంగతి. ఆవిడ చుట్ట కాల్చేది, మా వైపు చాలామంది ఆడవాళ్లలాగే అడ్డపొగ. అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదవులు మూసి పొగ పీల్చడం. కొత్తవాళ్లకి చెబితే అబద్ధమంటారు. ముసురులో, రెండు చేతులూ బురదలో పెట్టి వరినాట్లు వేసేవాళ్లకి వాన తగలకుండా నిప్పు దాచుకునే చోటు నోరు ఒక్కటే. నోట్లో నిప్పు ఉండగానే అమ్మ మాట్లాడేది, కూలీలని అదిలించేది, నారు కట్టలు లెక్కపెట్టేది. పుట్టినప్పటినుంచీ చూస్తున్నాను కాబట్టి నాకు అందులో వింతేమీ కనబడలేదు. అలా నోట్లో నిప్పు పెట్టుకుని ఆవిడ నాకు శుభ్రం గురించి పాఠాలు చెబుతుంటే, పైపు నోట్లో పెట్టుకుని నేను వినేవాణ్ణి.

ఒకరోజు పొద్దున్న అన్నం వడ్డిస్తూ నా భార్య, అత్త కారం ముట్టడం లేదంది. ఊరగాయ మానేసి చాలా రోజులైందట, పులుసు కూడా మానేసిందట, గంజిలో మజ్జిగ పోసుకుని తాగి లేస్తోందట. పెద్దవయసు, అరగదేమో అన్నాను. అప్పటికి అమ్మకి ఏభై దాటి రెండేళ్లు. నా భార్య గరిటె కింద పెట్టేసింది.

"ఆ గొట్టాల్లోకి రోజూ లైటేసి సూస్తన్నారు గదా. ఓపాలి ఆవిడ నోట్లోకి కూడా ఏసి సూడండి."

తినే అన్నం వదిలేసి లేచాను. అమ్మ ఒప్పుకోలేదు. ఏం లేదంది, పని ఉందంది. బలవంతాన అరుగు మీద కూచోబెట్టి నోరు తెరిపించి లైటు వేశాను. అంగిలి అంతా గోధుమరంగుకి తిరిగి, అక్కడక్కడ తెల్లగా తోలు కట్టి ఉంది. నడిమధ్య కందిబద్దంత పుండు. పైపు గోడలో వెంట్రుకంత బీట పట్టేసే మొనగాణ్ణి, మా అమ్మ నోట్లో ఇంత జరిగేదాకా చూడలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది.

ఊళ్లో డాక్టరుగారికి ఇలాంటి అంగిళ్లు కొత్త కాదు. చూసి, అమ్మని బయట కూచోమని నాతో చెప్పాడు. ఇది ఇంకా రాచపుండు కాలేదు, కానీ దారిలో ఉంది. నోట్లోంచి నిప్పు బయటికి తియ్యకపోతే తప్పకుండా అవుతుంది. రెండు నెలలు చూద్దాం. అప్పటికి మానకపోతే పెద్దాసుపత్రికి తీసుకుపోయి కోయించాలి, కోయించినా చెప్పలేం. ఇదీ ఆయన మాట. బయటికొచ్చి అమ్మకి ఆ మాటే కాస్త మెత్తగా చెప్పాను. వాళ్లమ్మ కాల్చిందనీ, అమ్మమ్మ కాల్చిందనీ, ఎవరికీ ఏమీ కాలేదనీ అంది. వాళ్ల నోళ్లలోకి లైటు వేసి చూసినవాళ్లు ఎవరూ లేరని నేను అనలేకపోయాను.

నా మాట మీద మూడు రోజులు మానేసింది. ఆ మూడు రోజులూ ఇంట్లో ఎవరికీ శాంతి లేదు. తల పగిలిపోతోందని గుడ్డ కట్టుకుంది. గేదెని తిట్టింది, కోడల్ని తిట్టింది, పొయ్యిని తిట్టింది. నాలుగోరోజు చెరుకుతోటలో కూచుని అడ్డపొగ లాగుతుంటే పట్టుకున్నాను. పోనీ చుట్టని తిన్నగా పెట్టుకోమన్నాను. అది మగాళ్లు కాల్చేది, రుచీ పచీ ఉండదంది.

అప్పుడు నా బుర్రకి మహత్తరమైన ఆలోచన వచ్చింది. పైపైతే నిప్పు మూరెడు కాకపోయినా జానెడు దూరంలో ఉంటుంది. పొగ గొట్టంలోంచి చల్లబడి వస్తుంది. నా పైపుల్లోకెల్లా నిక్షేపంలాంటిది తీసి ఏడుసార్లు కడిగి, పసుపునీళ్లలో ముంచి మరీ తీసుకెళ్లాను. అమ్మ దాన్ని చూడనైనా చూడకుండా ఎంగిలంది. సరే, ఎవరి నోరూ తగలని కొత్తది చేయిస్తాను అన్నాను. లక్కబొమ్మలు చేసే ఆసామి దగ్గరికి పోయి అంకుడు కర్రతో పైపు పట్టించాను. అతను లోపల ఒట్టి కర్ర ఉంచుతానన్నాడు. లోపలే ముఖ్యమయ్యా అని అతనికి పెద్ద ఉపన్యాసం ఇచ్చి, గిన్నె లోపల కూడా నున్నగా లక్క పూయించాను. ఎరుపూ పసుపూ చారలతో బొమ్మలా తయారైంది. అమ్మకి ముచ్చటేసింది. తీరా నిప్పంటించేసరికి లోపలి లక్క బుసబుసా పొంగి, పొగాకుతో కలిసి ముద్దై, మా ఆఫీసులో కవర్లకి సీళ్లు వేసేటప్పటి కంపు కొట్టింది. అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. పుండు నొప్పికి దవడ పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, ఆగి ఆగి నవ్వింది.

నేను మాత్రం నవ్వలేకపోయాను. రెండు నెలల్లో పదిహేను రోజులు అప్పుడే అయిపోయాయి. అమ్మ నా మొహం చూసి నవ్వు ఆపింది. తర్వాత చెయ్యి చాపింది.

"ఒరే, నీ నోట్లోది ఇలా తే."

అది నేను రోజూ కాల్చే పైపు. ఎంగిలి కదా అన్నాను.

"నువ్వు కొరికొదిలీసిన జాంకాయలు తిన్నాను, నువ్వు వదిలీసిన ముద్దలు తిన్నాను. కొడుకు ఎంగిలి నాకు కొత్తేటి?"

మరి దొర ఎంగిలో అని అడిగాను, నోరు ఊరుకోక. అది నీ కడుపులోకి పోయింది, నాకు వచ్చింది నీదే అని తేల్చేసింది. ఇంతకంటే గట్టి తీర్పు మా తాలూకాలో ఎవరూ ఇచ్చి ఉండరు.

ఆ సాయంత్రం గిన్నె నింపడం, వెలిగించడం, ఆరకుండా లాగడం అన్నీ దగ్గర కూచుని నేర్పాను. దగ్గింది, మొహం వికారంగా పెట్టింది. అలవాటైపోతుందన్నాను. తల ఊపింది. మర్నాటినుంచీ నేను ఆఫీసునుంచి వచ్చేసరికి పెరట్లో పీట మీద పైపు నోట్లో పెట్టుకుని కూచుని ఉండేది. చుట్టల కట్ట మాయమైపోయింది. ఆదివారం ఆదివారం పొగాకు తరిగి పొట్లం కట్టి ఇస్తే మళ్లీ ఆదివారానికి పొట్లం ఖాళీ అయ్యేది. మనిషి కాస్త చిక్కింది, చిరాకు ఎక్కువైంది. కొత్త కదా, సర్దుకుంటోంది అనుకున్నాను. పొగ పెద్దగా కనబడేది కాదు. అదే మంచి పైపు లక్షణమనీ, పొగ కంటికి ఆననంత సన్నగా వస్తుందనీ చూడవచ్చినవాళ్లకి వివరించేవాణ్ణి.

రెండు నెలలకి డాక్టరుగారు అమ్మ నోరు చూశాడు. చాలాసేపు చూశాడు. పుండు పూడిపోయింది, తెల్లటి తోలు కూడా పల్చబడింది. ఇక భయం లేదు, ఇలాగే ఉంచండి అన్నాడు. నాకు ఆయన కాళ్ల మీద పడాలనిపించింది. పడలేదు. బదులుగా ఆసుపత్రి వరండాలో నిలబడి పైపు వైద్యం గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. నిప్పు దూరం, పొగ చలవ, మసి పొర, అన్నీ చెప్పాను. డాక్టరుగారు కూడా తల పంకించాడు. అమ్మ పక్కనే నిలబడి చీర కొంగు సర్దుకుంటూ వింది.

ఊళ్లో నా పేరు మోగిపోయింది. కాఫీ హోటల్లో నాకు బల్ల దగ్గర చోటిచ్చారు. హెడ్డుగుమాస్తాగారు అలకమాని, వాళ్లమ్మకి కూడా ఒక పైపు కావాలన్నారు. దేవరాపల్లి నుంచి ఒకాయన, రోలుగుంట నుంచి ఇంకొకాయన పనిగట్టుకుని వచ్చి తల్లుల కోసం చెప్పిపోయారు. నేను విశాఖపట్నం వెళ్లి సాయిబుగారి గంప మొత్తం బేరం చేసి తెచ్చేశాను. ముందు కొడుకు వారం రోజులు కాల్చి, ఆ తర్వాత తల్లికి ఇవ్వాలని నియమం కూడా పెట్టాను.

వాటి పని మొదలుపెట్టేముందు అమ్మ పైపుని ఒకసారి గీకుదామనిపించింది. రెండు నెలలు రోజూ కాల్చిన పైపు. ఈపాటికి గోరు మందాన మసి కట్టి ఉండాలి. ఆదివారం మధ్యాహ్నం ఆవిడ పొలానికి వెళ్లినప్పుడు, పీట మీద ఉన్నదాన్ని తీసుకుని శాలలోకి పోయి, పొగాకు దులిపి లైటు వేశాను.

మసి లేదు. నేను ఇచ్చినరోజున ఎంత పొర ఉంచానో అంతే ఉంది. చాకు అక్కర్లేదు, గోటితో చూశాను. పైపు లోపల విషయంలో నన్ను ఎవరూ మోసం చెయ్యలేరు. అమ్మ చేతికి వెళ్లాక ఆ పైపు ఆ ఒక్క సాయంత్రం తప్ప ఇంకెప్పుడూ వెలగలేదు.

నా భార్యని పిలిచి అడిగాను. అత్త చెప్పొద్దంది అని నేల చూపులు చూసింది. తర్వాత మెల్లగా అంతా చెప్పింది. మర్నాడే అమ్మ చుట్టల కట్ట పొయ్యిలో పెట్టేసిందట. పది పన్నెండు రోజులు తల నొప్పికి తలుపు మూసుకుని పడుకుందట. కాళ్లూ చేతులూ వణికేవట. నేను వచ్చే వేళకి లేచి, మొహం కడుక్కుని, పైపు నోట్లో పెట్టుకుని పీట మీద కూచునేదట. నేను ఇచ్చిన పొగాకు నానబెట్టి, ఆ నీళ్లు బీరపాదుకి పోశారట. ఆ ఏడు బీరకాయలకి పురుగు పట్టకపోవడం కూడా నా గొప్పలోకే వస్తుంది కాబోలు.

పొద్దుగూకకముందే అమ్మ పొలంనుంచి వచ్చింది. నా చేతిలో పైపు చూసి సంగతి గ్రహించింది. దాచే ప్రయత్నం చెయ్యలేదు. కాళ్లు కడుక్కుని వచ్చి పీట మీద కూచుంది. ఎందుకిలా చేశావని అడిగాను.

"అందులో రుసి నేదు బాబూ. బాగునేదని సెప్తే నీ మొకం ఎలాగైపోతాదో నాకు తెలుసు. ఆ లక్కదానికే సూసేను గదా. దానికన్నా మానీడమే సులువనిపించింది."

నేను శాల గుంజని ఆనుకుని ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చానో, బెంగ తీరి ఏడ్చానో నాకే తెలియలేదు. ఊరంతా తిరిగి చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చాయి. గంపెడు పైపులు పలక మీద వరసగా ఉన్నాయి. రేపు హెడ్డుగుమాస్తాగారికి ఏం చెప్పను, దేవరాపల్లి ఆయనకి ఏం చెప్పను, ఇది మందు కాదని ఏ మొహంతో చెప్పను అని అమ్మనే అడిగాను.

అమ్మ కాసేపు ఆ పైపుల వైపు చూసింది.

"అడిగినోళ్లకి ఇచ్చీరా. కొడుకులు తెచ్చిచ్చేరంటే ఆ తల్లులూ మానీస్తారు."